పారిపోయినవాళ్ల పోరాటం

నిలబడ్డవాడు వీరుడు, వెనుదిరిగినవాడు పిరికివాడు. మన కథలు తరతరాలుగా ఇచ్చిన తీర్పు ఇది. మడికొండ చుట్టూ ఉన్న ఓరుగల్లు నేల చరిత్రను దగ్గరగా చూస్తే ఆ తీర్పును తిరగరాయక తప్పదు.

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే రోడ్డు మీద కాజీపేట రాకముందే మడికొండ వస్తుంది. ఒకప్పుడు పల్లె, ఇప్పుడు గ్రేటర్ వరంగల్‌లో కలిసిపోయిన శివారు. మెట్టుగుట్ట మీద రామలింగేశ్వరుడి గుడి, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండల స్తంభాలు ఒకవైపు. ఐటీ కంపెనీల అద్దాల భవనాలు, మరమగ్గాల షెడ్లు ఇంకోవైపు. తెలుగు పాఠకులకు మాత్రం మడికొండ అనగానే గుర్తొచ్చేది కాళోజీ నారాయణరావు. 1914 సెప్టెంబర్ 9న ఇప్పటి కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టి, మడికొండలో పెరిగి, ఓరుగల్లు గొంతుగా మారిన మనిషి. నిజాం సర్కారు ఆయనను జైల్లో పెట్టింది. అది చాలదన్నట్టు వరంగల్‌లోనే ఉండకూడదని బహిష్కరించింది. అదే కాలంలో, అదే సర్కారు నీడన, చుట్టుపక్కల పల్లెల్లో అప్పు కింద జీతానికి కుదిరిన భగేలా ఎవరైనా రాత్రికి రాత్రి ఊరు దాటితే దొర మనుషులు వెతికి పట్టుకొచ్చేవారు. కవి ఊళ్లో ఉండడం నేరం. జీతగాడు ఊరు విడవడం నేరం. ఇద్దరినీ శాసించిన అధికారం మాత్రం ఒకటే.

ఈ రెండు నేరాలను పక్కపక్కన పెట్టి చూస్తే, పారిపోవడం, పోరాడడం అనే మాటలకు మనం అలవాటుగా వేసే మార్కులు ఎక్కడ తప్పుతున్నాయో తెలుస్తుంది. కాళ్లు ఎటు నడిచాయన్న దాన్ని బట్టి ధైర్యాన్ని కొలుస్తున్నాం. ముందుకు నడిస్తే శౌర్యం, వెనక్కి నడిస్తే భయం. కానీ కట్టేసిన మనిషికి కట్టు తెంచుకుని పోవడమే పోరాటం. తరిమేస్తున్న మనిషికి కదలకుండా కూర్చోవడమే పోరాటం. అంటే చూడవలసింది మనిషి కదిలాడా లేదా అని కాదు. పెత్తనం చేసేవాడు అతనికి ఏది వద్దన్నాడు, ఆ వద్దన్నదాన్ని అతను చేశాడా లేదా అన్నది. పోరుకు పలాయనం వ్యతిరేకం కాదు. ఆ రెండింటికీ వ్యతిరేకం లొంగుబాటు. ఈ మాటకు సాక్ష్యాలు మన కావ్యాల్లో ఉన్నాయి, కోటగోడల్లో ఉన్నాయి, ఇవాళ్టి పాస్‌పోర్టుల్లోనూ ఉన్నాయి.

శరీరానికి తెలియని తేడా

ముందుగా శరీరం సంగతి. భయం కలిగినప్పుడు మనిషి ఒంట్లో ఏం జరుగుతుందో పరిశోధించిన హార్వర్డ్ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో తన పుస్తకం ప్రచురించారు. పోరాడడమో పారిపోవడమో అన్న జంట మాట లోకానికి అలవాటైంది ఆయన పరిశోధన వల్లే. ముప్పు ఎదురవగానే అడ్రినలిన్ రక్తంలోకి దూకుతుంది. గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి వేగమవుతుంది, కంటిపాప విచ్చుకుంటుంది. జీర్ణాశయానికి వెళ్లే రక్తం తగ్గి కాళ్లూ చేతుల కండరాలకు మళ్లుతుంది. నోరు ఎండిపోతుంది. ఇందులో గమనించవలసిందేమిటంటే, ఎదురు తిరిగేవాడికీ పరుగెత్తేవాడికీ ఒంట్లో జరిగే ఏర్పాటు దాదాపు ఒక్కటే. ఈ రక్తం వీరుడిది, ఈ రక్తం పిరికివాడిదని శరీరం విడదీయదు. రెండూ బతకడానికి చేసే ప్రయత్నాలే. ఇవి రెండూ కాని స్థితి మరొకటుందని తర్వాత వచ్చిన పరిశోధకులు చెప్పారు: కొయ్యబారిపోవడం. ఎటూ దారి లేదని తోచినప్పుడు ప్రాణి అలా బిగుసుకుపోతుంది. తరాల తరబడి గడీ ముందు చేతులు కట్టుకుని ‘నీ బాంచెన్, కాల్మొక్తా’ అన్న మనిషి స్థితి అదే. ఆ స్థితి నుంచి బయటపడి అతను కొడవలి ఎత్తినా, మూట నెత్తికెత్తుకుని నడిచినా, రెండూ మేలుకోవడమే.

పసుపు ముద్ద, జమ్మి చెట్టు

మార్కులు వేసేది శరీరం కాదు, సమాజం. తెలుగువాళ్లకు ఆ పాఠం నేర్పిన కథల్లో గట్టిది ఖడ్గ తిక్కనది. పదమూడో శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధికీ, కరువు తట్టుకోలేక మందలను తోలుకొచ్చిన కాటమరాజుకూ పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) దగ్గర తగువు వచ్చింది. ఆ పోరులో బలం చాలక తిక్కన ఇంటికి తిరిగివచ్చాడట. భార్య అతనికి స్నానం ఏర్పాటు చేసి, మంచం అడ్డుపెట్టి, పక్కన పసుపు ముద్ద ఉంచింది. ఆడవాళ్లు స్నానం చేసే ఏర్పాటు అన్నమాట. తల్లి విరిగిన పాలు వడ్డించి, నీలాగే పాలూ విరిగిపోయాయంది. తిక్కన మళ్లీ యుద్ధానికి వెళ్లి ప్రాణం ఇచ్చాడు. కథ చెప్పేవాళ్లకూ వినేవాళ్లకూ ఒళ్లు పులకరించే ఘట్టం ఇది. అయితే ఆ మరణంతో పుల్లరి తగువుకు న్యాయం దొరికిందా, మందల కాపరుల గోడు తీరిందా అని కథ అడగదు. ఇంకొక సంగతినీ పట్టించుకోదు. ఎదుటి పక్షంలో వీరుడుగా పాటలకెక్కిన కాటమరాజు నెల్లూరు సీమకు వచ్చిందే కరువు నుంచి తప్పుకుని. నేల వదిలి వచ్చినవాడు పుల్లరి మీద నిలబడి కొట్లాడాడు. ఒకే మనిషిలో వలసా ఉంది, సమరమూ ఉంది. కానీ మన చెవికెక్కింది పసుపు ముద్ద ఒక్కటే.

అదే పదమూడో శతాబ్దంలో, అదే నెల్లూరులో, అదే పేరున్న కవి ఇందుకు పూర్తిగా వేరైన కథను తెలుగులోకి తెచ్చాడు. కవి తిక్కన విరాటపర్వంలో ఉత్తరకుమారుడు కౌరవ సేనను చూసి రథం దిగి పరుగు తీస్తాడు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంటపడి పట్టుకుంటాడు. అక్కడ ఎవరూ పసుపు ముద్ద పెట్టలేదు. అర్జునుడు ఆ కుర్రవాడికి చేయగలిగిన పని అప్పగించాడు. జమ్మి చెట్టెక్కి ఆయుధాలు దించమన్నాడు, పగ్గాలు పట్టమన్నాడు. భయపడినవాడి చేతుల మీదుగానే గాండీవం కిందికి వచ్చింది. ఆ ఉత్తరుడే తర్వాత కురుక్షేత్రంలో మొదటి రోజున శల్యుడితో తలపడి నేలకొరిగాడు. అసలు ఆ పర్వమంతా దాక్కోవడం గురించే. లోకంలో మేటి విలుకాడు ఏడాదిపాటు ఆట నేర్పే పేడిగా, మేటి మల్లుడు వంటవాడిగా తలదాచుకున్నారు. ఆయుధాలను శవంలా మూటకట్టి చెట్టుకు వేలాడదీశారు. ఇవాళ ఓరుగల్లు ప్రాంతంలో దసరా సాయంత్రం జనం పాలపిట్టను చూసి, ఊరి చివర జమ్మికి మొక్కి, ఆ ఆకు తెచ్చి పెద్దల చేతిలో ‘బంగారం’ అని పెట్టి కాళ్లకు దండం పెడతారు. ఈడువాళ్లను అలాయ్ బలాయ్ అంటూ హత్తుకుంటారు. పండుగ నాడు పూజ అందుకుంటున్నది యుద్ధరంగం కాదు, ఆయుధాన్ని సమయం వచ్చేదాకా దాచిపెట్టిన చెట్టు. జనం ఆచారంలో ఉన్న వివేకం, జనం నాలుక మీద ఉన్న ఎగతాళి కంటే లోతైనది.

మడికొండకు ఎంతో దూరంలో లేని బమ్మెర పోతనదని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ఆయన భాగవతంలో సాక్షాత్తూ శ్రీకృష్ణుడే కాలయవనుడి ముందు పరుగెత్తుతాడు. వాడు వెన్నంటి వచ్చి, గుహలో నిద్రిస్తున్న ముచుకుందుణ్ని తన్ని లేపి, ఆయన చూపుకు బూడిదవుతాడు. జరాసంధుడి దాడులు తెగకపోవడంతో కృష్ణుడు మథుర జనాన్ని సముద్రం నడుమ ద్వారకకు తరలిస్తాడు. ఒక నగరమంతా మకాం మార్చడాన్ని భాగవతం పిరికితనంగా చెప్పలేదు, పాలకుడి బాధ్యతగా చెప్పింది. గజేంద్రుడి కథలోనూ అదే మెలకువ ఉంది. మొసలికి బలం నీటిలో, ఏనుగుకు బలం గట్టు మీద. శత్రువు బలంగా ఉన్నచోట చేసే పోరు ఎంతకాలం సాగినా అలసటే మిగులుతుంది. పోరాటం గొప్పదా కాదా అన్నదానికంటే, అది ఎవరి నేల మీద జరుగుతోందన్నది ముఖ్యం.

కోట నేర్పిన గుణపాఠం

పురాణం ఊహ అనుకునేవాళ్లకు చరిత్ర ఉంది. ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్‌ఖాన్ ఓరుగల్లు కోటను నెలల తరబడి ముట్టడించి, సాధించలేక దేవగిరి వైపు తగ్గిపోయాడు. కోటలో విజయోత్సవాలు జరిగాయి, ధాన్యం కొట్లు తెరిచారు. కొద్ది నెలలకే అతను కొత్త బలంతో తిరిగివచ్చాడు. అప్పటికి కోటలో ముట్టడిని తట్టుకునే సరంజామా లేదు. 1323లో ఓరుగల్లు పడిపోయింది. బందీగా ఢిల్లీకి తరలిపోతూ ప్రతాపరుద్రుడు నర్మదా తీరాన కన్నుమూశాడు. వెనుదిరిగిన శత్రువును ఓడిన శత్రువుగా లెక్కించడం ఒక సామ్రాజ్యం ఖరీదు చేసింది. పలాయనాన్ని చిన్నచూపు చూసే అలవాటు నైతికంగానే కాదు, వ్యూహపరంగానూ ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ వెతకనక్కరలేదు. ఆ తర్వాత జరిగిందీ ఆ పాఠమే, ఈసారి మనవాళ్ల పక్షాన. మైదానంలో నిలవలేని స్థితిలో ముసునూరి ప్రోలయనాయకుడు గోదావరి, శబరి నదుల దగ్గరి రేకపల్లిని స్థావరం చేసుకున్నాడు. అడవీ కొండా అండగా బలం కూడదీసుకున్న ఆ వంశం నుంచే కాపయనాయకుడు 1336లో ఓరుగల్లును తిరిగి సాధించాడు. కోట పడిన రోజే అందరూ కోటగుమ్మంలో ప్రాణాలు విడిచి ఉంటే గాథలు మిగిలేవి, రాజ్యం తిరిగి వచ్చేది కాదు.

ఉంటే నేరం, పోతే నేరం

ఇరవయ్యో శతాబ్దపు తెలంగాణలో ఈ విషయం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. వెట్టికీ భగేలాకూ ఆధారం దెబ్బలొక్కటే కాదు, కదలలేని స్థితి. తండ్రి చేసిన అప్పుకు కొడుకు, కొడుకు తర్వాత మనవడు అదే దొర దగ్గర పశువులు కాయాలి. ఆ అప్పు తీరదు, తీరకపోవడమే దాని పని. 1936లో నిజాం సర్కారే భగేలా ఒప్పందాల మీద చట్టం చేయవలసి వచ్చిందంటే అది ఎంత వేళ్లూనుకుందో అర్థమవుతుంది. అలాంటి చోట ఊరు దాటిన జీతగాడు ఎవరినీ కొట్టలేదు, ఏ జెండా పట్టలేదు. కానీ దొర ఆస్తిలో లెక్కకెక్కిన తనను తాను దొర నుంచి విడిపించుకున్నాడు. ఆగ్నేయాసియా రైతుల చరిత్ర రాసిన మైఖేల్ ఆడస్ ఇలాంటి చర్యలను తప్పుకోవడం ద్వారా చేసే నిరసనగా గుర్తించారు. సంఘాలు, కోర్టులు, ఓట్లు లేని కాలంలో పన్ను భారమైన రైతులు ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి వెళ్లడమే పాలకులు భయపడిన తిరుగుబాటు. దున్నేవాడు లేని భూమికి శిస్తు ఎక్కడిది?

పాలకుర్తిలో చాకలి ఐలమ్మకు దొర చెప్పింది దీనికి పూర్తిగా తలకిందులు. కౌలుకు తీసుకున్న పొలం వదిలి పొమ్మన్నాడు విసునూరు దేశ్‌ముఖ్. ఆమె పోలేదు. పండించిన పంట తనదేనంది, ఆంధ్ర మహాసభ కార్యకర్తల అండతో ధాన్యం ఇంటికి చేర్చుకుంది. జీతగాణ్ని పోనివ్వని దొరలే ఐలమ్మను పొమ్మన్నారు. ఆమె ధైర్యం నిలవడంలో ఉంది, అతని ధైర్యం వెళ్లడంలో ఉంది. ఒకరికి విగ్రహం పెట్టి, ఇంకొకరి పేరు కూడా గుర్తుంచుకోకపోవడం మన లెక్కలోని లోపం. గోండు వీరుడు కొమురం భీం జీవితంలో ఈ రెండూ కలిసే ఉన్నాయి. యువకుడిగా ఒక ఘర్షణ తర్వాత ఊరు విడిచి, ఎక్కడెక్కడో తిరిగి, అస్సాం తేయాకు తోటల్లో కూలిగా పనిచేశాడు. లోకం చూసి, అక్షరం నేర్చి, ఆసిఫాబాద్ అడవులకు తిరిగివచ్చి పోరు నడిపి, 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. అస్సాం వెళ్లిన ఏళ్లను తీసేస్తే జోడేఘాట్ భీం లేడు. సాహు, అల్లం రాజయ్య రాసిన నవల చదివినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు.

చదువుల విషయంలోనూ ఇదే జరిగింది. 1938లో వందేమాతరం పాడినందుకు ఉస్మానియా పరిధిలోని విద్యార్థులను బహిష్కరించారు. క్షమాపణ రాసిస్తే తిరిగి చేరే వీలున్నా చాలామంది రాయలేదు. మూటాముల్లె సర్దుకుని నాగపూర్ రైలెక్కారు. హనుమకొండలో చదువుతున్న పి.వి. నరసింహారావు వాళ్లలో ఒకరు. సంస్థానం వదిలిపోవడమే వాళ్ల సత్యాగ్రహం. 1947–48లో రజాకార్ల దాడులకు తట్టుకోలేక వేలమంది సరిహద్దు దాటినప్పుడు కాంగ్రెస్ నడిపిన సరిహద్దు శిబిరాలకు ఆ దాటడమే పునాది. చాందా శిబిరంలో పి.వి. పనిచేశారు. మరోవైపు బైరాన్‌పల్లి జనం ఊరు వదలలేదు. బురుజు మీద నగారా పెట్టి కాపలా కాసి, దాడులను తిప్పికొట్టి, చివరికి 1948 ఆగస్టు 27న పదుల సంఖ్యలో ప్రాణాలు కోల్పోయారు. బైరాన్‌పల్లి బురుజుకు మొక్కాల్సిందే. అయితే ఆ బురుజును కొలబద్దగా చేసి, పసిపిల్లలను చంకనేసుకుని సరిహద్దు దాటిన తల్లులను తక్కువ చేయడానికి వీల్లేదు. రజాకారు కోరింది లొంగుబాటు. నిలిచినవాళ్లూ, దాటినవాళ్లూ ఇవ్వనిది అదే.

కాళోజీని మళ్లీ ఈ వెలుగులో చూడాలి. ఆయనకు సర్కారు విధించింది దూరం. ఆయన చేసింది ఎప్పటికప్పుడు తిరిగివచ్చి అక్కడే గొంతెత్తడం. 1944లో వరంగల్‌లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభల పందిరిని దుండగులు తగలబెట్టినా సభలు ఆగకపోవడంలో ఆయన పట్టుదల ఉంది. స్వాతంత్ర్యం వచ్చాకా ఆ తీరు మారలేదు. 1953లో వెలువడిన ‘నా గొడవ’ పేరే చెబుతుంది ఆయన తప్పుకునే రకం కాదని. ఎమర్జెన్సీ తర్వాత ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీద సత్తుపల్లిలో పోటీకి దిగి ఓడిపోయారు. గెలుస్తానని దిగిన పోటీ కాదది, బూటకపు ఎన్‌కౌంటర్ల మీద నిరసన. ఇంతటి నిలబడే మనిషి కుటుంబమూ ఒకప్పుడు ఎక్కడి నుంచో వచ్చి మడికొండలో వేరూనిందే. ఎవరి పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నామో ఆయన ఊరు ఆయన పుట్టిన ఊరు కాదు. వచ్చినవాళ్లను పోయినవాళ్లుగా ఎక్కడో ఒకచోట లెక్కించే ఉంటారని మరిచిపోకూడదు.

అందరూ పోతే ఊరెవరిది?

ఈ వాదనకు గట్టి అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది: పోగలిగినవాళ్లు పోతే, పోలేనివాళ్ల గతేమిటి? ఆర్థికవేత్త ఆల్బర్ట్ హర్ష్‌మన్ 1970లో రాసిన పుస్తకం చర్చించింది దీన్నే. బడి చెడిపోతే ముందుగా పిల్లల్ని మాన్పించేది, గట్టిగా అడగగలిగిన తల్లిదండ్రులే. వాళ్లు పోయాక అడిగే గొంతు ఉండదు, బడి ఇంకా చెడిపోతుంది. మడికొండవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. వరంగల్ నగరం చెత్తంతా రాంపూర్–మడికొండ డంపింగ్ యార్డుకు చేరుతుంది. పొగ, కంపు, ఈగలు భరించలేక ఇల్లు మార్చగలిగినవాళ్లు మారుస్తారు. అద్దె కట్టలేనివాళ్లు, సొంత ఇల్లు అమ్ముడుపోనివాళ్లు ధర్నాలో మిగులుతారు. ఇక్కడ వెళ్లడం ఎవరి ఆజ్ఞనూ ధిక్కరించలేదు. నగరపాలక సంస్థకు ఫిర్యాదుదారు ఒకరు తగ్గారు, అంతే. అందుకే మొదట చెప్పిన కొలతకు రెండోది కలపాలి. వెళ్లినవాడు ఎవరి మాట కాదన్నాడన్నది ఒక ప్రశ్న. ఎవరి నెత్తిన బరువు పెట్టి వెళ్లాడన్నది రెండో ప్రశ్న. బ్యాంకులకు వేల కోట్లు ఎగ్గొట్టి విమానమెక్కినవాళ్లు కూడా చట్టాన్ని ధిక్కరించారు కదా అని ఎవరైనా ఎదురడగవచ్చు. వాళ్ల కోసం పార్లమెంటు 2018లో ప్రత్యేక చట్టమే చేసింది. వాళ్లు దాటింది పెత్తందారు గీసిన గీత కాదు, వాళ్లే పెత్తందార్లు. బరువు పడింది డిపాజిటుదారుల మీద. భగేలా పారిపోతే నష్టపోయింది దొర. ఈ రెండు పలాయనాలకూ ఒకే పేరు ఉండవచ్చు, ఒకే విలువ ఉండదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. వెనకడుగును మెచ్చుకుంటూ పోతే పోరాటం సగంలో ఆగిపోదా అని. 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాట విరమణ మీద దశాబ్దాలుగా నలుగుతున్న వాదం ఇదే. పోలీసు చర్య తర్వాత దళాలు గోదావరి అడవుల్లోకి తగ్గాయి. నిజాం పోయాక తుపాకీ కొనసాగాలా అన్న మీమాంసలో రావి నారాయణరెడ్డి ఆపాలన్నవైపు ఉన్నారు. పోరాటాన్ని వివరంగా గ్రంథస్థం చేసిన పుచ్చలపల్లి సుందరయ్య కొనసాగింపును సమర్థించారు. విరమణను ద్రోహమన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోపాన్ని తేలిగ్గా తీసివేయలేం. ప్రాణాలిచ్చిన పల్లెల్లోకి కొందరు దేశ్‌ముఖ్‌లు తిరిగివచ్చారు. పంచిన భూములు చాలాచోట్ల చేజారాయి. ఇది వెనకడుగు ఖరీదు. కానీ ముందడుగు ఖరీదునూ పక్కన రాయాలి. సైన్యం ముందు పల్లెలు ఇంకెన్నాళ్లు నిలిచేవి? 1952లో అదే రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు గెలిచారు. జనం విరమణను ఓటమిగా చూసి ఉంటే ఆ ఓట్లు పడేవి కావు. వెనకడుగు వేయడం తప్పా ఒప్పా అన్నది అడుగులో లేదు. తర్వాతి అడుగుకు చోటు మిగిల్చిందా లేదా అన్నదానిలో ఉంది. ఎవరైనా ఒకరు నిలబడి దెబ్బ కాస్తేనే ఇంకొకరికి తప్పుకునే వ్యవధి దొరుకుతుందన్నదీ నిజమే. అందుకే ఇది నిలిచినవాళ్ల గౌరవం తగ్గించే వాదన కాదు; తప్పుకున్నవాళ్లకు దక్కనిది అడిగే వాదన.

బొంబాయి, సూరత్, దుబాయ్

మూడో అభ్యంతరం నేటి బతుకు నుంచి వస్తుంది. పొట్టచేత పట్టుకుని పోయేవాణ్ని పోరాటయోధుడనడం, అతని కష్టానికి రంగు పూయడం కాదా? కొంతవరకు నిజం. ఓరుగల్లు నేతగాళ్లు భివండీకీ, సూరత్‌కూ వెళ్లింది తిరుగుబాటు చేయడానికి కాదు, ఇక్కడ మగ్గం అన్నం పెట్టక. దాన్ని వలస అనాలి, దానికి కారణమైనవాళ్లను నిలదీయాలి. కానీ వలసలో కూడా పెత్తనం గీత గీసేచోటు వస్తుంది. గల్ఫ్‌లో కఫాలా పద్ధతి ఉన్నచోట పనివాడి వీసా యజమానికి ముడిపడి ఉంటుంది. పాస్‌పోర్టు చాలాసార్లు యజమాని బీరువాలో ఉంటుంది. జీతం ఇవ్వని ఆ యజమానిని, అంటే కఫీల్‌ను, వదిలి వేరే పనికి పోతే పరారీ కేసు. అలా బయటపడ్డవాళ్లను తెలంగాణ గల్ఫ్ కూలీలు ‘ఖల్లివెల్లి’ అయ్యారంటారు. దొర దగ్గర భగేలా పారిపోతే ఏమయ్యేదో, కఫీల్ దగ్గర కూలీ పారిపోతే అదే అవుతోంది. అప్పు అదే, కదలనివ్వని కాగితం అదే. కొన్ని దేశాలు ఈమధ్య నిబంధనలు సడలించాయి కానీ గుణం పూర్తిగా మారలేదు. ‘వాడు దుబాయ్‌లో నిలదొక్కుకోలేక పరారయ్యాడు’ అని ఊళ్లో అనేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని మాట్లాడాలి.

తప్పుకోవడం సిగ్గనే ఈ పరువు చేసే హాని మరీ దారుణంగా బయటపడింది 1997–98లో. పురుగు, పనిచేయని మందులు, ప్రైవేటు అప్పులు కలిసి మీద పడిన ఆ ఏడు వరంగల్ జిల్లా పత్తి రైతులు వరసగా ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లను పిరికివాళ్లన్న నోళ్లు అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. కారణాల్లో మొదటివి ఆర్థికమైనవే. వాటికి తోడు, చేతులెత్తేశానని ఊరికి చెప్పడం, పొలం పడావు పెట్టి కూలికి పోవడం చావు కంటే హీనమన్న భావాన్ని ఆ రైతు చుట్టూ కట్టింది మనమే. పోరాడే వనరు లేదు, తప్పుకుందామంటే పరువు ఒప్పుకోదు. రెండు తలుపులూ మూసేసి, లోపలి మనిషికి ధైర్యం లేదనడం న్యాయం కాదు. అప్పుల్లో కూరుకున్నవాడికి ‘ఈ ఏడు సాగు మానెయ్, తప్పు లేదు, మేమున్నాం’ అనగలిగిన అన్న, బావ, ఇరుగుపొరుగు ఉంటే, ఆ వెనకడుగు ఒక ప్రాణాన్ని నిలుపుతుంది. ఉత్తరుణ్ని ఎగతాళి చేయకుండా పగ్గాలు చేతికిచ్చిన అర్జునుడు చేసింది ఇలాంటి పనే.

తిరిగివచ్చే దారి ఉంటే వెళ్లడానికి అర్థమే మారుతుంది. మడికొండ మరమగ్గాల పార్కులో సూరత్, భివండీల్లో పని నేర్చి వెనక్కి వచ్చిన నేతగాళ్లు ఉన్నారు. 2017 అక్టోబర్ 22న గీసుగొండ–సంగెం మండలాల్లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేసినప్పుడు ప్రభుత్వం చెప్పిన ఉద్దేశాల్లో వలస నేతన్నలను రప్పించడం ఒకటి. 2020 జనవరి 7న మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు మొదలైనప్పుడూ, ఇక్కడి పిల్లలు ఉద్యోగానికి హైదరాబాద్ పోనక్కరలేదన్న ఆశ చూపారు. ఇవి ఎంత నెరవేరాయన్నది ఎప్పటికప్పుడు అడగాల్సిందే. అయితే ఊళ్లో ఉండమని పిల్లలకు నీతి చెప్పడం, పోయినవాళ్లను నేల మరిచారని నిష్ఠూరమాడడం ప్రభుత్వానికీ పెద్దలకూ తేలిక పని. ఉండడానికి కూలి గిట్టుబాటయ్యే పని, పీల్చడానికి కంపు లేని గాలి, పోవడానికి యజమాని బీరువాలో కాకుండా సొంత జేబులో పాస్‌పోర్టు, రావడానికి ఎగతాళి చేయని ఊరు ఇవ్వడం కష్టమైన పని. ఈ నాలుగూ ఉన్నచోట మనిషి ఉన్నా, పోయినా, తిరిగివచ్చినా అది అతని నిర్ణయం. ఇవి లేనిచోట వీరుడు, పిరికివాడు అని పేర్లు పెట్టే హక్కు బయట నిలబడి చూసేవాళ్లకు లేదు.